చిత్రలేఖనము, చలచ్చిత్రము: సత్యజిత్ రాయ్

సత్యజిత్ రాయ్ ప్రథమకృతి యగు 'పథేర్ పాంచాలి'ని కదలెడు చిత్రలేఖనమని కొనియాడుట పరిపాటి యైనది. దర్శకుడు శాంతినికేతనమున చిత్రకళ నభ్యసించినవా డగుటచే నీ మాట సులభముగా నోటికి వచ్చును. విచారించినచో నిది ప్రశంసవలె దోచు నింద. పటము నిలిచియుండునది, చలచ్చిత్రము కాలమున నడచునది. పటముల నెంత యందముగా వరుస గూర్చినను కథ కాజాలదు.

రాయ్ 1940 లో కళాభవనమున జేరి, నందలాల్ బోస్, వినోదవిహారీ ముఖర్జీలకు శిష్యుడై, ఐదేండ్ల పాఠక్రమము ముగియకయే 1942 లో విడిచిపెట్టెను. మరుసటి యేడు కలకత్తాలో నొక ప్రకటనల సంస్థయందు నెలకు 80 రూపాయల జీతమునకు కుదిరెను. సిగ్నెట్ ప్రెస్సువారి పుస్తకములకు అట్టబొమ్మలు వేయుచుండగా, విభూతిభూషణుని 'పథేర్ పాంచాలి' నవలకు బాలురకై చేసిన సంక్షేపమును చిత్రించు పని యతనికి లభించెను. అతని విద్యలో కళాభవనముకంటె ముఖ్యమైన ఘట్ట మిదియే. పెద్ద కథలో నే క్షణము బొమ్మకు తగును, బొమ్మకును బొమ్మకును నడుమ పాఠకు డేమి యూహించుకొనును అను వివేకము చిత్రశాలలో దొరకునది కాదు. 1950 లో లండనున 'సైకిలు దొంగలు' అను ఇటలీ చిత్రమును జూచి, వృత్తినటులు లేకయే, వీధులలోనే కథ నడపవచ్చునను ధైర్యమును బొందెను.

నృత్తశాస్త్ర మెరుగనివానికి చిత్రసూత్రము దుర్బోధమని విష్ణుధర్మోత్తరమున మార్కండేయుడు వజ్రునకు జెప్పెను. గతి నెరుగక రూపము నెరుగరాదని భావము. వాక్యార్థము సైతము విడివిడి పదముల వలన గాక ఆకాంక్షా యోగ్యతా సన్నిధుల వలన సిద్ధించును. రైలును జూచు ఘట్టమున నిది స్పష్టము. తెల్లని రెల్లుపూల చేను తనంతట నొక రమ్యమైన పటమే. కాని రాత్రివేళ నింట వినబడిన రైలుకూత అపూ మనస్సున ముందే ఆకాంక్షను నాటినది. చేనిలో స్తంభమునకు చెవి యానించిన బాలుర కా ధ్వని దానిని పెంచును. పిదప నల్లని పొగ తెల్లని పూలపై వచ్చునప్పటికి వాక్యము పూర్తి యగును. 1952 లో చిత్రీకరణ మీ ఘట్టముతోనే మొదలయ్యెను. మరుసటివారము వచ్చి చూడగా పశువులు రెల్లును మేసిపోయినవి! మరల పూచుటకై యేడాది నిరీక్షింపవలసి వచ్చెను. ధనాభావమున నాగుచు సాగిన పని పశ్చిమవంగ ప్రభుత్వ సాహాయ్యముతో ముగిసి, చిత్రము 1955 లో వెలువడెను.

వానకు ముందు కొలనిపై పురుగులాడు భాగమున మాత్రము చిత్రకారుడు దర్శకుని మించెనని చెప్పవచ్చును. అచట ఆకాంక్ష మందగించినది. ఆ లోపము నంతిమభాగము మరపించును. పూసలదండ దొంగిలితివని పొరుగువా రాడిపోసుకొనగా దుర్గ కాదన్నది. ఆమె మరణించిన పిదప, ఇల్లు విడుచువేళ, దాచియుంచిన యా దండ అపూ చేతికి దొరకును. వాడెవరితోను చెప్పక కొలనిలోనికి విసరును. నీటిపాచి విడి, మెల్లగా మూసికొనును. విడిన పాచిని చిత్రకారుడు వ్రాయగలడు, మూసికొనిన పాచిని వ్రాయగలడు; మూసికొనుటను వ్రాయలేడు.