చిన్నప్పుడు బొమ్మలు వేసేవాణ్ణి

మా రచయితల సమావేశాల్లో మొదట పరిచయాలు ఉంటాయి. ఒక్కొక్కరూ లేచి ఊరు, పేరు, చేసే పని చెబుతారు. మందస కొండల కింది గూడేల నుంచి వచ్చినవారు, మెళియాపుట్టి వైపు వారు, టెక్కలిలో చిన్న ఉద్యోగం చేసుకునేవారు, పలాస జీడి ఫ్యాక్టరీల్లో కూలికి పోయేవారు. పేరు చెప్పాక చాలామంది ఒక మాట కలుపుతారు. "చిన్నప్పుడు బాగా పాడేదాన్ని." "చిన్నప్పుడు బొమ్మలు వేసేవాణ్ణి." అది చెప్పి చిన్నగా నవ్వి కూర్చుంటారు. మేము చప్పట్లు కొట్టి తర్వాతి మనిషి వైపు తిరుగుతాం.

ఈ వ్యాసంలో ఆ మాటనే విమర్శకు పెడుతున్నాం. ఎందుకంటే ఆ వాక్యంలో తప్పు చేసినవాడు కనబడడు. వేసేవాణ్ణి, ఇప్పుడు వేయడం లేదు. మధ్యలో ఏం జరిగిందో వాక్యం చెప్పదు. వినేవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు పూరించుకుంటారు. బయటివాళ్లు "శ్రద్ధ లేక వదిలేశాడు" అంటారు. మనవాళ్లు "పేదరికం" అంటారు. ఈ రెండు జవాబులూ మాకు చాలవు.

ముందు బొమ్మల సంగతి చూద్దాం. సవర ఇంటి లోపలి గోడ మీద ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి నీటితో, పుల్ల చివర నలగ్గొట్టి చేసుకున్న కుంచెతో వేసే బొమ్మ ఒకటుంది. ఒడిశా వైపు సొరలు ఇడితల్ అంటారు. జబ్బు తగ్గాలని, పంట బాగుండాలని, చనిపోయిన పెద్దలకు చోటు ఇవ్వాలని వేసే బొమ్మ అది. చతురస్రపు గీత లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్లు, ఏనుగు, గుర్రం, వరసగా చేతులు పట్టుకుని ఆడే మనుషులు. వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద 1955లో ప్రచురించిన పెద్ద పుస్తకంలో ఈ బొమ్మల గురించి వివరంగా రాశాడు. వాటిలో విమానాలు, సైకిళ్లు కూడా చేరడం ఆయన గమనించాడు. అంటే ఆ కళ పాతదాన్నే పట్టుకుని కూర్చోలేదు. కొత్తగా చూసిందల్లా గోడ మీదికి తెచ్చుకుంది.

ఈ కళకు బడి లేదు. పిల్లవాడు పెద్దాయన వెనక కూర్చుని పిండి కలిపేవాడు. తర్వాత మూలన ఒక కోడిని గీసేవాడు. బాగుంటే పెద్దాయన ఉంచేవాడు, బాగోకపోతే చెరిపేసేవాడు. అదే పాఠం, అదే పరీక్ష. ఆ పిల్లవాణ్ణి ఆరేడేళ్ల వయసులో గూడెం నుంచి హాస్టలుకు తీసుకుపోయాం. చదువు కావాలి కాబట్టి తీసుకుపోయాం, అందులో మాకు విచారం లేదు. కానీ అక్కడ గోడ ప్రభుత్వానిది. గోడ మీద గీస్తే దెబ్బలు.

మాలో ఒకరి కథ ఇది. మూడో తరగతిలో బొగ్గుముక్కతో హాస్టలు గోడ మీద వరసగా ఆడే మనుషుల్ని గీశాడు. వార్డెన్ కొట్టాడు, సున్నం బకెట్టు చేతికిచ్చి తన బొమ్మ మీద తననే సున్నం వేయమన్నాడు. ఆ రోజు నుంచి మళ్లీ గీయలేదని ఆయన చెబుతాడు. ఇప్పుడు కాశీబుగ్గలో ఆయనా ఆయన భార్యా జీడి పనికి పోతారు. ఆమె పని గ్రేడింగు. పొర తీసిన పప్పును పళ్లెంలో పోసి నిండు పప్పు, బద్ద, ముక్క వేరు చేయాలి. నిండు పప్పులో మళ్లీ సైజులు. పౌనుకు 300 నుంచి 320 పలుకులు తూగేది 320 రకం, అంతకంటే పెద్దది 240 రకం. ఆమె తూచదు, కొలవదు. కంటితో చూసి వేళ్లతో తోసేస్తుంది. మచ్చ ఉన్నది, రంగు మారినది ఆ వేగంలోనే పక్కకు పోతుంది. చిన్నప్పుడు ఇంటి ముందు ముగ్గు, గోడ మీద అంచు గీత వేసేది తనేనట. అమ్మ ఆ పని తనకే వదిలేసేదట.

కాబట్టి ప్రతిభ చచ్చిపోయింది అనే మాట మేము ఒప్పుకోం. ఆ కన్ను, ఆ వేళ్లు ఇవాళ్టికీ పని చేస్తున్నాయి. అవి ఇంకొకరి సరుకు కోసం, రోజు కూలి మీద, పేరు లేకుండా పని చేస్తున్నాయి. నష్టం ఎక్కడంటే, ఆ పనిలో ఆమె తనదని చెప్పుకోగలిగింది ఏదీ మిగలదు. సాయంత్రానికి డబ్బా మీద రకం అంకె ఉంటుంది, ఆమె పేరు ఉండదు.

రెండోది భాష సంగతి. కథ చెప్పే పిల్లలు మా గూడేల్లో ఎప్పుడూ ఉన్నారు. పోడుకు కాపలా పడుకున్న రాత్రులు అవే బడి. ఈ ప్రతిభను బయటి నుంచి గుర్తించిన మొదటివారిలో గిడుగు వెంకట రామమూర్తి ఒకరు. 1863లో పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన, సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నాడు. సవరలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారు చేశాడు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బళ్లు నడిపాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. ఆ సభల్లో వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం గురించి గంటసేపు చెప్పి, సవర కోసం చేసిన పని గురించి ఒక వాక్యం చెబుతారు. మా లెక్కలో మాత్రం ఆ రెండూ ఒకటే పని. పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటను బడి గుమ్మం దగ్గర లాక్కోకూడదన్నదే రెండింటి సారం.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. గిడుగు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయాడు. అదే ఏడాది ఒడిశా వైపు సొర కొండల్లో మంగేయి గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని ప్రకటించాడు. మా భాష కోసం పని చేసిన ఒక బయటి పెద్దమనిషి కదిలిపోయిన ఏడాదే, మా మనిషి ఒకడు మా అక్షరాలు ఇవిగో అన్నాడు. ఆ అక్షరాలు 2012లో యూనికోడ్‌లోకి ఎక్కాయి. కంప్యూటరుకు మా లిపి తెలుసు. మందస కొండ కింద బడికి పోయే పిల్లకు తెలియదు. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తేవడం మొదలైంది. మంచి పని. కానీ ఆ పుస్తకం చేతికొచ్చినా, బడిలో ఆ భాష వచ్చిన టీచరు లేకపోతే అది అటక మీదికే పోతుంది.

ఇక్కడ ఎవరైనా అడుగుతారు: శ్రీకాకుళం జిల్లాలో పేదింటి పిల్లలు పైకి రాలేదా అని. వచ్చారు. కరణం మల్లేశ్వరి ఆమదాలవలస పక్కన వూసవానిపేట అమ్మాయి. 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆమె బలాన్ని, పట్టుదలను తక్కువ చేయం. కానీ ఆ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు, నీలంశెట్టి అప్పన్న అనే కోచ్. నడిచి వెళ్లే దూరంలో బరువులు ఉన్నాయి, ఎలా ఎత్తాలో చెప్పే మనిషి ఉన్నాడు, రేపు మళ్లీ రమ్మనేవాడు ఉన్నాడు. ఆమెను చూపించి "కష్టపడితే ఎవరైనా సాధించొచ్చు" అని మన పిల్లలకు ఉపన్యాసం ఇచ్చేవారు ఈ సగాన్ని మింగేస్తారు. కష్టపడటం మా పిల్లలకు కొత్త కాదు. రేపు మళ్లీ రా అని చెప్పే మనిషి కొత్త.

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వద్దాం. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథలో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ కూడా అప్పు కింద పాలేరు కాకూడదని ఆ బిడ్డను నరికేస్తాడు. అప్పు తరం నుంచి తరానికి ఎలా దిగుతుందో అంత గట్టిగా చెప్పిన కథ తక్కువ. కానీ అప్పు దిగడం గురించి ఉన్న కథలు, నేర్పు దిగకుండా ఆగిపోవడం గురించి లేవు. ఉద్దానంలో బొడ్డపాడు కవి సుబ్బారావు పాణిగ్రాహి ఊరూరా వినిపించే జముకుల కథను తీసుకుని కొత్త కథ చెప్పాడు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. ఆ రోజుల పాటల్లో, కథల్లో కొండవాడు ఉన్నాడు. విల్లు పట్టుకుని ఉన్నాడు, ఆకలితో ఉన్నాడు. కొండవాడు తనే కథ చెప్పేవాడుగా మాత్రం అరుదు. దీనికి ఆ రచయితల్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్లు తమ వంతు రాశారు. మా వంతు ఎవరు రాయాలి?

ఇక మమ్మల్ని మేము విమర్శించుకోవాలి. గత కొన్నేళ్లలో మా చేతికి వచ్చిన రాతప్రతుల్లో ఇలాంటి కథలు చాలా ఉన్నాయి. పాడే పిల్ల, హాస్టలు, ఎగతాళి, మౌనం, పెళ్లి. చివర్లో కొండ మీద ఎక్కడో పాట వినిపించి ఆమె కన్నీళ్లు పెట్టుకుంటుంది. కన్నీళ్లతో కథ ముగిస్తే చదివినవాడికి తేలిక. ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. పైగా ఆ కథల్లో పిల్ల ఏ పాట పాడేదో ఒక్క ముక్కా ఉండదు. పాట ఎవరు నేర్పారు, ఏ పండగకు పాడతారు, ఎవరు పాడకూడదు, ఏమీ ఉండదు. పాట పోయిందని రాసినవాడికే పాట గుర్తు లేదు. అది దాచిపెట్టి కొండగాలి, వెన్నెల అని నింపేస్తాం. ఇది మా అందరి తప్పు. ఈ వ్యాసం కూడా తెలుగులోనే రాస్తున్నాం. మాలో కొందరికి సవరలో కథ చెప్పడం ఎనిమిదేళ్ల వయసులో వచ్చు, ముప్పై ఎనిమిదేళ్లకు రాదు. సంతలో బేరం ఆడగలం, అమ్మతో మాట్లాడగలం. ఒక పేజీ రాయమంటే చేయి ఆగిపోతుంది.

తర్వాతి జీవితం మీద దీని ప్రభావం ఏమిటి అంటే, పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. సున్నం వేసిన ఆ మనిషి ఇప్పుడు తండ్రి. ఆయన కూతురు నోటు పుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు వేస్తుంది. ఆయన చూసి "ఇవి కూడు పెడతాయా" అన్నాడు. ఆ మాట నోటి నుంచి వచ్చాక వార్డెన్ గొంతు వినిపించిందని మాతో చెప్పాడు. మనకు జరిగింది మన చేతులతో మళ్లీ చేస్తాం. అసలు నష్టం అక్కడుంది.

ఆయన భయం ఉత్తది కాదు. ఇది ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. మళ్లీ కాపు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఏ ఊళ్లో చూసినా కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు తిరిగే ఇల్లు కనబడుతుంది. తండ్రి మంచాన పడితే పిల్లవాడు పనిలోకి దిగుతాడు. ఆ ఇంట్లో బొమ్మ గురించి మాట్లాడాలంటే మాకే నోరు రాదు. అయినా ఒక సంగతి చెప్పాలి. కూలికి పోయే పిల్లవాడికి తన దగ్గర ఒక విద్య ఉందని తెలిసి ఉండటం వేరు, తన దగ్గర ఏమీ లేదనుకుంటూ పోవడం వేరు. కూలి ఒకటే కావచ్చు, మనిషి ఒకటి కాదు.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాకు పోయింది. మందస, మెళియాపుట్టి గూడేలు శ్రీకాకుళంలో ఉండిపోయాయి. షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చమని ఈ ఊళ్లు అడుగుతూనే ఉన్నాయి. ఆ పోరాటం సాగాలి. ఈలోపు మనం చేయగలిగినవి మూడు చెబుతాం. మన గూడేల బళ్లలో వారానికి ఒక పూట, గోడ బొమ్మ వేసే పెద్దల్ని, పాట వచ్చిన అమ్మల్ని గౌరవ వేతనం ఇచ్చి కూర్చోబెట్టాలని గట్టిగా అడగాలి. హాస్టలులో ఒక గోడను పిల్లలకు వదలమనాలి. మూడోది మా వంతు. వచ్చే సంచికలో నాలుగు పేజీలు సవరలో, తెలుగు లిపిలో వేస్తాం. తప్పులుంటాయి. మా అమ్మలకు చదివి వినిపించి దిద్దుకుంటాం.

వచ్చే సమావేశంలో ఎవరైనా లేచి "చిన్నప్పుడు పాడేదాన్ని" అంటే చప్పట్లు కొట్టకండి. "ఏ పాట?" అని అడగండి. ఆమెకు సగమే గుర్తుంటే, ఆ సగం రాసుకోండి.