పిడికెడు ఆకు లెక్క

ఏటా తొలకరి కబురు రాగానే, దానితోపాటు ఒక సలహా కూడా వచ్చేస్తుంది: మిద్దె మీద తోట వేసుకోండి, ఇక కూరగాయల బజారు మొహం చూడనక్కర్లేదు అని. ఇంటిపంట మీద నాకున్న మమకారం ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మీదే పండించి చూపి ‘మిద్దెతోట’ను నలుగురికీ చేరువ చేసినందుకూ, ‘సాక్షి’ పత్రిక ‘ఇంటిపంట’ శీర్షిక నడిపినందుకూ, ఉద్యానశాఖ సగం రాయితీతో సిల్పాలిన్ మడులు ఇచ్చినందుకూ సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా ఆ సలహాలోని రెండో సగం నాకు మింగుడుపడదు. అది ఎవరి మిద్దెను చూసి అన్న మాట? చార్మినార్ నుంచి పడమరగా మహబూబ్ చౌక్ వైపు సాగే లాడ్ బజార్‌నూ, దాని వెనక సందులనూ చూసి చెప్పిన మాటైతే కాదు. కింద గాజుల దుకాణం, పైన కాపురాలు, అందరికీ కలిపి ఒక్క డాబా, దాని మీద నీళ్ల ట్యాంకులూ బట్టల తీగలూ. నగరంలో ఇంటిపంట ఎంతవరకు సాధ్యమో తేల్చాల్సింది శివారు కాలనీల్లో కాదు, ఇలాంటి చోటనే.

ముందు ఆకలి లెక్క చూద్దాం. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉండాలని చెప్పింది. ఐదుగురున్న ఇంటికి అది రోజుకు రెండు కిలోలు, నెలకు 60 కిలోలు. కుండీలో పెట్టిన టమాటా మొక్క ఎంత బాగా కాసినా, మూడు నాలుగు నెలల్లో ఇచ్చేది కొద్ది కిలోలే. వంగ, బెండ కూడా అంతే. పైగా పూత నిలిచి కాయ పట్టాలంటే రోజుకు ఆరు గంటల ఎండైనా తగలాలి. రెండు వైపులా మేడలు లేచిన సందులో ఆరు గంటల ఎండ ఎవరి వాటాకూ రాదు. ఎండ దొరికే చోట ట్యాంకు ఉంటుంది, ట్యాంకు లేని చోట పక్క మేడ నీడ ఉంటుంది. ఇక్కడితో ఆగిపోతే, పాతబస్తీకి ఇంటిపంట పనికిరాదని చెప్పి కలం పక్కన పెట్టాల్సిందే.

కానీ కాయ వదిలి ఆకు దగ్గరికి వస్తే అదే లెక్క తిరగబడుతుంది. ఆకుకూరకు మూడు నాలుగు గంటల ఎండ చాలు, జానెడు మట్టి చాలు. తోటకూర నెల తిరగకుండా చేతికొస్తుంది, మెంతికూర అంతకన్నా ముందే. పుదీనాకు విత్తనం కూడా అక్కర్లేదు. బజారు కట్టలోంచి గట్టి కాడలు నాలుగు తీసి గుచ్చితే వేరు పోసుకుంటుంది, కోసినకొద్దీ చిగురిస్తుంది. పొన్నగంటి, బచ్చలి కాడతోనే బతుకుతాయి. గోంగూర ఎండను తట్టుకుంటుంది. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లితే వారం పది రోజుల్లో కొత్తిమీర మొలక కనిపిస్తుంది. నడివేసవిలో మాత్రం అది తొందరపడి పూతకొస్తుంది గనుక అప్పుడు నీడ పట్టున ఉంచాలి. పాతబస్తీ వంటకు రోజూ కావలసినవీ ఇవే. బిర్యానీకి, హలీంకి పుదీనా. ఖట్టీ దాల్ తాలింపుకి కరివేపాకు, పైన చల్లడానికి కొత్తిమీర. మాంసంతో వండే అంబాడాకి గోంగూర. వీటిలో చాలావాటికి కొలత కిలో కాదు, పిడికెడు. ఉల్లి, బంగాళాదుంప, గుమ్మడి దూరం నుంచి వచ్చినా చెడవు. ఆకు అలా కాదు. కోసిన గంట నుంచే వాడుతుంది, అందులోని సి విటమిన్ తరుగుతుంది. బజారు ఏది సరిగా మోసుకురాలేదో దాన్నే ఇల్లు చక్కగా పండించగలదు. ఇంతకంటే మంచి పని విభజన ఏముంటుంది?

ఆకునే ఎంచుకోవడానికి ఇంకో బలమైన కారణం మూసీ నది. నగరం వదిలిన మురుగు కలిసిన నీటితో దిగువన పశుగ్రాసం, వరి, ఆకుకూరలు పండుతున్న సంగతిని అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఇందులో రైతు తప్పేమీ లేదు. పైనుంచి మనం ఏ నీళ్లు పంపామో ఆ నీళ్లతోనే అతను బతుకు వెళ్లదీస్తున్నాడు. నేలను అంటిపెట్టుకుని పెరిగి, పచ్చిగా నోట్లోకి పోయే కొత్తిమీర, పుదీనా విషయంలో మాత్రం ఏ నీళ్లు పోశామన్నది ముఖ్యం. ఆ రెండింటినైనా ఇంటి నీళ్లతో పెంచుకోవడం విలాసం కాదు, ఒంటికి మేలు.

అభ్యంతరాలు లేకపోలేదు. డాబా మోస్తుందా అన్నది మొదటిది. పదిహేడో శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్, తాను ‘బాగ్‌నగర్’ అన్న ఈ నగరంలోని రాజప్రాసాదపు మిద్దెల మీద తోటలున్నాయనీ, అంత పెద్ద చెట్ల బరువును కింది కమానులు ఎలా మోస్తున్నాయా అనిపిస్తుందనీ రాశాడు. అది రాజుగారి కట్టడం. మన పాత దూలాల మిద్దెలకు ఆ ధీమా పనికిరాదు. తడిసిన మట్టి ఘనపు అడుగుకు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అందుకే నడిమిద్దె మీద మడులు వద్దు. కింద గోడ ఉన్న అంచుల వెంట, ఇటుకల మీద ఎత్తి పెట్టిన తేలికపాటి టబ్బులు చాలు. ఇటుకల ఎత్తు వల్ల స్లాబుకు చెమ్మ కూడా పట్టదు. నీళ్లెక్కడివి అంటారా? బియ్యం, కూరలు కడిగిన నీళ్లు నాలుగైదు టబ్బులకు చాలావరకు సరిపోతాయి. దోమల భయం నిజమే; కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకపోతే ఆ భయం ఉండదు. ఎరువుగా ఇంటి తడిచెత్త ఉండనే ఉంది. దాన్ని చెత్తబండికి ఎత్తేయవద్దని ఎన్నిసార్లు రాశానో, ఇంకా అన్నిసార్లు రాస్తాను. లాడ్ బజార్‌కు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. పేనుబంకకు బూడిద చల్లడం మన పెద్దల పద్ధతే గానీ, అది వంటకట్టెల బూడిద. గాజులు చేసే లక్కలో రంగులూ ఇతర సరుకులూ కలుస్తాయి గనుక గాజుల కొలిమి బూడిదను తినే ఆకు మీద చల్లకూడదు.

చివరి అభ్యంతరం డబ్బుది, అన్నిటికన్నా గట్టిది. కొద్ది రూపాయలకు దొరికే కట్ట కోసం ఇంత శ్రమ ఎందుకు? నిజమే, మిగిలే సొమ్ము స్వల్పం. ఇంటిపంట ఖర్చు తగ్గిస్తుందని ఆశపెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ ప్రశ్నలోనే ఇంకో ప్రశ్న ఉంది: నెల రోజులు నీళ్లు పోసి, పురుగు ఏరి, ఎండకు కాపాడి పెంచిన ఆకు అంత చవగ్గా ఎలా దొరుకుతోంది? ఎవరి కూలి గిట్టకపోతే ఆ ధర సాధ్యమవుతోంది? చేత్తో ఒక టబ్బు కొత్తిమీర పెంచిన ఇంటికి ఆ కట్ట వెనక ఉన్న పని తెలుస్తుంది. మిద్దెతోట మనల్ని బజారు నుంచి విముక్తుల్ని చేస్తుందనే మాట అందుకే తప్పు. అది చేయాల్సింది సరిగ్గా దానికి ఎదురు పని: మీరాలం మండీలో గంప ముందు కూర్చున్నామెతోనూ, సందులోకి బండి తోసుకొచ్చే అతనితోనూ బేరమాడకుండా కొనే బుద్ధిని మనకివ్వడం. పుదీనా, కొత్తిమీర ఇంట్లో పెంచుకుందాం. మిగతావన్నీ బజారులోనే, పండించినవాళ్లకు గిట్టే ధరకు కొందాం. ఆ రెండూ కలిసినప్పుడే ఇంటిపంట ఒక ఇంటి ముచ్చటగా మిగిలిపోకుండా ఊరికి పనికొస్తుంది.