కొండ ఎక్కిందెవరు?

వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ కవిత చదవకుండా ఇంగ్లీషు చదువు గట్టెక్కినవాళ్ళు మనలో తక్కువ. ఆ పువ్వు ఎలా ఉంటుందో తెలియకుండానే పద్యం కంఠతా పట్టాం, సారాంశం రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ కవితలో కవి ఒక్కడే తిరుగుతుంటాడు. నిజానికి 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆ పూలు కనిపించినప్పుడు ఆయన పక్కన చెల్లెలు డొరోతీ ఉంది. ఆ రోజు సంగతంతా ఆమె డైరీలో రాసుకుంది. కవిత పుట్టింది రెండేళ్ళ తర్వాత, అచ్చయింది 1807లో. అందులో రెండు పాదాలు తన భార్య మేరీ చెప్పినవని ఆయనే ఒప్పుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళ చెయ్యి పడిన కవితలో చివరికి మిగిలింది ఒంటరి మగవాడు.

ఈ డాఫొడిల్స్ సంగతి ఇప్పుడు చాలామందికి తెలిసిందే. అంతకన్నా నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఒక కొండ కథ.

ఇంగ్లండులో అన్నిటికన్నా ఎత్తయిన కొండ స్కాఫెల్ పైక్. ఎత్తు 978 మీటర్లు. మన తూర్పు కనుమల ముందు అదేమంత ఎత్తు కాదు. కానీ నిండా రాళ్ళు, పొగమంచు, ఉన్నట్టుండి మారిపోయే వాతావరణం. 1818 అక్టోబరు 7న డొరోతీ, స్నేహితురాలు మేరీ బార్కర్ కలిసి ఆ కొండ ఎక్కారు. అప్పటికి డొరోతీకి 46 ఏళ్ళు. వాళ్ళతో మేరీ బార్కర్ పనమ్మాయి, తిండి సామాను మోసే మనిషి, దారి చూపడానికి ఆ లోయలోని గొర్రెల కాపరి ఒకాయన ఉన్నారు. మొదట అంత పైకి వెళ్ళాలనుకోలేదు. ఎస్క్ హాస్ అనే కనుమ దాకా చేరాక ఇంకా పైకి పోవాలనిపించింది, పోయారు. శిఖరం మీద గాలి లేదు, చప్పుడు లేదు. అక్కడే కూర్చుని భోజనం చేశారు.

ఇదంతా డొరోతీ ఒక మిత్రుడికి ఉత్తరం రాసింది. విలియం వర్డ్స్‌వర్త్ సరస్సుల ప్రాంతం చూడవచ్చే వాళ్ళ కోసం ఒక గైడు పుస్తకం రాశాడు. 1822లో వచ్చిన దాని కూర్పులో ఈ ఉత్తరాన్ని కొంచెం మార్చి చేర్చాడు. రాసిందెవరో చెప్పలేదు.

ఉత్తరంలో ఎక్కినవాళ్ళు ఆడవాళ్ళని స్పష్టంగా తెలుస్తుంది. గైడులోకి వచ్చేసరికి ‘మేము’ అనే మాట ఒక్కటే మిగిలింది. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఈ మాటకి ఆడా మగా లేదు. ‘ఎక్కింది’ అంటే ఎవరో తెలుస్తుంది, ‘ఎక్కాం’ అంటే తెలియదు. పైన మగవాడి పేరుంటే చదివేవాళ్ళు ఆ ‘మేము’లో మగవాళ్ళనే చూస్తారు. దొంగతనం అని పెద్ద మాట అనక్కర్లేదు. అన్నాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో బతికారు, ఒకరి కాగితాలు ఒకరు వాడుకున్నారు. కానీ పేరు ఎటునుంచి ఎటు చేరిందో చూడండి. ఆమె రాతలు ఆయన పుస్తకంలోకి చేరాయి గానీ ఆయన పుస్తకం మీదకి ఆమె పేరు రాలేదు.

ఆ రోజుల్లో ఆడది కాలినడకన కొండలు తిరగడం చిన్న విషయం కాదు. 1794లో, 22 ఏళ్ళ వయసులో, డొరోతీ అన్నతో కలిసి కెండాల్ నుంచి గ్రాస్మియర్‌కి 18 మైళ్ళు, అక్కడినుంచి కెస్విక్‌కి మరో 15 మైళ్ళు నడిచింది. బంధువుల్లో ఒక పెద్దావిడ ఇదేం తిరుగుడని మందలించింది. నడక వల్ల బండిలో కూర్చుని పోయేదానికన్నా ఎక్కువ ఆనందం దొరికింది, పైగా కనీసం ముప్ఫై షిల్లింగుల బండి ఖర్చు తప్పింది అని డొరోతీ జవాబిచ్చింది. ఆ జవాబు నాకు చాలా ఇష్టం. క్షమాపణ లేదు, పెంకితనమూ లేదు. డబ్బు లేని ఆడపిల్ల లెక్క చెప్పి మరీ తన ఆనందాన్ని నిలబెట్టుకుంది.

ఆమె కొండని చూసిన తీరు కూడా వేరు. 1778లోనే థామస్ వెస్ట్ అనే ఆయన ఈ ప్రాంతానికి గైడు రాసి, ఎక్కడ నిలబడి చూస్తే దృశ్యం బాగుంటుందో చోట్లు గుర్తుపెట్టి చెప్పాడు. వాటిని ‘స్టేషన్లు’ అన్నారు. అక్కడ నిలబడితే కొండా సరస్సూ పటం కట్టినట్టు కనిపించాలి. మనిషి కదలకూడదు, ఊరివాళ్ళ బతుకు అడ్డం రాకూడదు. డొరోతీ ఉత్తరంలో దూరపు దృశ్యంతోపాటు కాళ్ళ దగ్గరి రాళ్ళున్నాయి. ఆ రాళ్ళకి పట్టిన రంగురంగుల పెచ్చులున్నాయి, మనం మసాలాలో వేసే రాతిపువ్వు జాతివి. దూరంగా సముద్రం మీద ఓడ కనిపించిందని వాళ్ళు గట్టిగా అనుకున్నారు. తీరా చూస్తే అది మబ్బు. వాళ్ళకి ఆకాశం నిర్మలంగా కనిపిస్తున్నప్పుడే కాపరి వాన రాబోతోందని పసిగట్టాడు. అలాగే వచ్చింది. కొండ గురించి తనకన్నా అక్కడ బతికేవాడికి ఎక్కువ తెలుసని ఆమె దాచకుండా రాసింది.

అదే కొండల మీద 1808 మార్చిలో జార్జ్ గ్రీన్, సారా గ్రీన్ అనే పేద దంపతులు మంచులో దారి తప్పి చనిపోయారు. పక్క లోయలో వేలంపాటకి వెళ్ళి ఇంటికి తిరిగొస్తున్నారు. ఇంట్లో ఆరుగురు పిల్లలు. 11 ఏళ్ళ జేన్ మిగతావాళ్ళని సముదాయిస్తూ ఎదురుచూసింది. ఆ పిల్లల సాయానికి చందాలు పోగుచేసిన డొరోతీ వాళ్ళ కథంతా రాసింది. చూడవచ్చిన వాళ్ళకి అది దృశ్యం, గ్రీన్ దంపతులకి ఇంటిదారి. ఈ రెండూ తెలిసిన రచయిత్రి ఆమె.

ఆ కథని అచ్చు వెయ్యమని స్నేహితులు అడిగితే ఆమె ఒప్పుకోలేదు. పిల్లలు నలుగురి నోళ్ళలో పడతారంది. రచయిత్రినని ముందుకు రావడం తనకి గిట్టదని కూడా అంది. అది 1936లో గానీ పుస్తకంగా రాలేదు. ‘ఆమే పేరు వద్దనుకుంటే అన్నదేం తప్పు?’ అని విమర్శకులు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. అచ్చు వద్దనడం వేరు, అచ్చయిన దాంట్లో పేరు లేకపోవడం వేరు. ఆడదానికి పేరు బయటికి రావడమే ఎబ్బెట్టుగా తోచే కాలం అది. దాన్ని ఆమె స్వభావం అని సరిపెట్టుకుంటే ఆ కాలాన్ని ఇక ప్రశ్నించనక్కర్లేదు. ఆమె పోయాక కూడా కత్తెర ఆగలేదు. 1897లో విలియం నైట్ ఆమె డైరీలు అచ్చువేసినప్పుడు అల్పమైన వివరాలని చాలా తీసేశాడు. రొట్టె కాల్చడం, బట్టలు ఉతకడం, నడక అన్నీ ఒకే రోజులో కలిసి ఉండటమే ఆ డైరీల ప్రాణం.

అయితే డొరోతీకి పేరు తిరిగి ఇస్తే మన పని అయిపోతుందా? ఆ రోజు శిఖరం మీదకి వెళ్ళినవాళ్ళని మళ్ళీ లెక్కపెట్టండి. ఉత్తరంలో మేరీ బార్కర్‌కి పేరుంది. పనమ్మాయికి లేదు, సామాను మోసినవాడికి లేదు, వాన పసిగట్టిన కాపరికీ లేదు. అన్న చెల్లెలి పేరు చెప్పకపోవడం మనకి కనిపించినంత తొందరగా ఇది కనిపించదు. ‘మీ స్త్రీలలో మేమున్నామా?’ అని మన దళిత రచయిత్రులు అడిగిన ప్రశ్న విన్నాక ఈ ఉత్తరాన్ని పాత కళ్ళతో చదవడం నావల్ల కాలేదు. పనమ్మాయి ఆ కొండ ఇష్టపడి ఎక్కిందా, యజమానురాలు ఎక్కింది కాబట్టి ఎక్కిందా?

ఆ దృశ్యంలో ఎవరు ఇమడాలన్న తగువు ఇంకా తీరలేదు. గయానాలో పుట్టి ఇంగ్లండులో పెరిగిన ఇంగ్రిడ్ పోలార్డ్ 1980ల చివర్లో ‘పాస్టోరల్ ఇంటర్లూడ్’ పేరుతో కొన్ని ఛాయాచిత్రాలు తీసింది. ఆ పచ్చని పల్లెల్లో నల్లవాళ్ళని నిలబెట్టి, అక్కడ తమకి కలిగే బెరుకుని బొమ్మల కింద మాటల్లో రాసింది. వర్డ్స్‌వర్త్ కవిత చదివి పెరిగిన మనలాంటి వాళ్ళు ఆ సరస్సుల దగ్గరికి వెళ్తే మనకీ ఆ బెరుకు తగలొచ్చు.

డొరోతీ చివరి ఇరవై ఏళ్ళు జబ్బుతో ఎక్కువగా ఇంట్లోనే గడిపి 1855లో పోయింది. అంతకుముందే 1832లో మంచం మీదనుంచి రాసిన ఒక కవితలో తను తిరిగిన చోట్లని తలుచుకుంది. పాఠ్యపుస్తకాల్లో డాఫొడిల్స్ పక్కన ఆమె డైరీ పేజీ, ఈ కొండ ఉత్తరం కూడా పెట్టాలి. పెట్టినప్పుడు పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ భోజనం పైదాకా మోసిందెవరు?