వీడ్కోలు వ్యక్తిచిత్రాలు: వాత్సల్యం, వాస్తవికత

ప్రతి ఏటా పబ్లిక్ పరీక్షలకు ముందు మన ఉన్నత పాఠశాలల్లో ఒక రకం రచన పుడుతుంది. పదవ తరగతి పిల్లల వీడ్కోలు సభలో తెలుగు ఉపాధ్యాయుడు ఒక్కొక్కరి గురించీ చదివే నాలుగేసి వాక్యాలు, వార్షిక సంచికలో 'మా పదవ తరగతి' వంటి శీర్షికతో వచ్చే రెండు మూడు పేజీలు, ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో రాసి ఇచ్చే మాటలు – ఇవన్నీ ఆ కోవలోవే. వీటిని సాహిత్యమని పిలవడానికి మన విమర్శకులు సందేహిస్తారు. సభ ముగిసి మిక్చరు పొట్లాలు ఖాళీ కాగానే ఆ కాగితాల పని కూడా అయిపోయిందనుకుంటారు.

ఈ అభిప్రాయం సరైంది కాదు. మొదటి విషయం, ఈ రచనను దాని కథానాయకులే చదువుతారు. కథలోని కూలివాడు ఆ కథను చదవకపోవచ్చు. వీడ్కోలు వ్యక్తిచిత్రంలోని పిల్లవాడు మాత్రం ఎదురుగా బెంచీ మీద కూర్చుని వింటాడు. రెండవది, చాలామంది పిల్లలకు తమ గురించి ఇతరులు శ్రద్ధగా రాసిన రచన జీవితం మొత్తంలో ఇదొక్కటే కావచ్చు. మూడవది, ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న యువ రచయితలు మనిషిని కాగితం మీద పెట్టడం మొదట ఇక్కడే నేర్చుకుంటారు. ఇక్కడ అలవడిన దృష్టే రేపు వారి కథల్లోని పాత్రలను నడిపిస్తుంది. కనుక ఈ చిన్న ప్రక్రియను పెద్ద ప్రక్రియలకు వర్తించే ప్రమాణాలతోనే చూడాలి.

నిజానికి బడి నుంచి వెళ్ళే ప్రతి విద్యార్థికీ ప్రభుత్వం కూడా ఒక వ్యక్తిచిత్రం గీసి ఇస్తుంది. పరీక్షల నామినల్ రోల్సు కోసం ప్రతి ఏటా పిల్లల్ని వరసగా నిలబెట్టి పుట్టుమచ్చలు వెతుకుతాం. తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, ఒంటి మీద రెండు మచ్చలు, ప్రవర్తన గడిలో 'సంతృప్తికరం' అన్న ఒక్క మాట. దీంతో ఆ మనిషిని పోల్చుకోవచ్చు, అర్థం చేసుకోలేం. పోల్చుకోవడానికీ అర్థం చేసుకోవడానికీ మధ్యనున్న ఈ ఖాళీని పూరించడానికే ఉపాధ్యాయుడు కలం పడతాడు. ఆ ఖాళీని అతడు దేనితో పూరిస్తున్నాడన్నదే ఇక్కడ మనకు కావలసిన ప్రశ్న.

ఎక్కువ సందర్భాల్లో విశేషణాలతో పూరిస్తున్నాడు. 'అణకువ గల అమ్మాయి', 'చురుకైన కుర్రాడు', 'కాస్త అల్లరి, కానీ వెన్నలాంటి మనసు' – ఏ బడి సంచిక తెరిచినా ఈ మాటలే. వీటిలో ప్రేమ లేదనలేం. ప్రేమ ఉంది గాని పరిశీలన లేదు. 'ప్రవర్తన: సంతృప్తికరం' అన్న గుమాస్తా మాటనే ఇవి తియ్యగా చెబుతున్నాయి.

అంతేకాదు, ఏ విశేషణం ఎవరికి దక్కుతోందో గమనించండి. ఎదురు ప్రశ్న వేసే గుణం మగపిల్లవాడిలో ఉంటే అది 'నాయకత్వ లక్షణం'. ఆడపిల్లలో ఉంటే 'కొంచెం మాట దురుసు'. ఉద్యోగి కొడుకు లెక్క తొందరగా చేస్తే 'సూక్ష్మగ్రాహి'. కూలివాడి కొడుకు అదే లెక్కను అంతే తొందరగా చేస్తే 'కష్టపడే స్వభావం గలవాడు'. తెలివి ఒకరికి పుట్టుకతో వచ్చినట్టు, మరొకరికి చెమటోడిస్తే గాని రానట్టు మన భాష మనకు తెలియకుండానే పంపకాలు చేస్తోంది. వాత్సల్యం అందరి మీదా సమానంగా ఉండవచ్చు. దాన్ని వ్యక్తం చేసే పదజాలం సమానంగా లేదు.

స్వభావం అనేది పిల్లవాడు జేబులో వేసుకుని బడికి తెచ్చుకునే వస్తువు కాదు. మొదటి పీరియడులో కునుకు తీసే కుర్రాణ్ణి 'నిద్రమత్తు మహారాజు' అని రాస్తారు, అందరూ నవ్వుతారు. అతను తెల్లవారుజామున నాలుగింటికి లేచి సైకిల్ మీద పత్రికలు వేసి వస్తాడు. ఒక అమ్మాయిని 'ముక్కోపి' అంటారు. మిరప కోతలూ పరీక్షలూ ఒకే కాలంలో వస్తాయి. తల్లితోపాటు కోతకు వెళ్ళివచ్చిన చేతితో కలం పట్టుకుంటే వేళ్ళు మండుతాయి. కన్ను దురద పెట్టినా తుడుచుకోవడానికి లేదు. ఆ పూట పక్కనున్న పిల్ల మోచెయ్యి తగిలితే విసుక్కోక ఏం చేస్తుంది? ఇంకొక అమ్మాయి 'మౌనముని'. ఆమె తండా నుంచి వస్తుంది. ఇంట్లో, వాకిట్లో గోర్ బోలి మాట్లాడుతుంది. తండాలో ఆమె నోటికి ఎదురు లేదు. బడిలో తెలుగు వాక్యాన్ని లోపల కూడబలుక్కుని పైకి తెచ్చేలోగా మనం ప్రశ్నను పక్క బెంచీకి మార్చేస్తాం. అప్పుడు ఆ మౌనం ఆమె స్వభావమా, మన తరగతి గది స్వభావమా? పల్లె బడిలో పనిచేసే ఏ ఉపాధ్యాయుడి హాజరు పట్టీలోనైనా ఈ ముగ్గురూ ఉంటారు.

వ్యక్తిత్వాన్ని గుణాల జాబితాగా గాక చర్యగా చూపడం ఎలాగో తెలుసుకోవాలంటే మకరెంకోను చదవాలి. 1920లో పోల్తావా దగ్గర నేరాల్లో చిక్కుకున్న బాలల కోసం ఏర్పడిన కాలనీకి ఆయన బాధ్యుడు. ఆ అనుభవాన్ని 1933–35 మధ్య మూడు భాగాల గ్రంథంగా ప్రకటించి, దానికి 'బోధనా కావ్యం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అందులో కరబానోవ్ అనే యువకుడున్నాడు. ఒకసారి కాలనీ విడిచి పోయి తిరిగివచ్చినవాడు. మకరెంకో అతన్ని ఐదు వందల రూబుళ్ళు తీసుకురమ్మని ఒంటరిగా పంపుతాడు. తెచ్చిన డబ్బును లెక్కపెట్టకుండా పుచ్చుకుంటాడు. ఆ తర్వాత రెండు వేలకు పంపుతాడు. లెక్కపెట్టకపోవడాన్ని ఆ యువకుడు భరించలేకపోతాడు. 'నిజాయితీపరుడు' అన్న ఒక్క మాట రాసి ఊరుకుంటే ఈ మనిషి మనకు కనబడేవాడా? తనమీద ఉంచిన నమ్మకం బరువుకు తల్లడిల్లే ఘట్టంలో నిజాయితీ పుట్టడాన్నే మనం చూస్తాం. అంతకుముందు అది అతనిలో ఉందో లేదో అతనికే తెలియదు. ఆ కాలనీ పిల్లల్ని కార్మిక విద్యాలయానికి సాగనంపే ఘట్టం కూడా ఆ గ్రంథంలో ఉంది. ప్రతి మనిషినీ అంతవరకు చర్యల్లో చూసి ఉన్నాం కనుకనే ఆ వీడ్కోలు మనల్ని కదిలిస్తుంది.

ఇంతవరకు చెప్పినదాన్ని పట్టుకుని మన అభ్యుదయ రచయితలు కొందరు రెండో కొసకు పోయే ప్రమాదముంది. వారి రచనల్లో విద్యార్థి మాయమై పేదరికం మిగులుతుంది. పత్రికలు వేసే కుర్రాడు బాల కార్మిక వ్యవస్థకు ఉదాహరణ అవుతాడు. తండా అమ్మాయి భాషా సమస్యకు ఉదాహరణ అవుతుంది. ఇదీ ఒక రకం పుట్టుమచ్చ చూడటమే. 1885లో మిన్నా కౌట్‌స్కీకి రాసిన లేఖలో ఎంగెల్స్ ఆమె నవలను పరామర్శిస్తూ, పాత్ర ఒక వర్గానికి ప్రతినిధి అవుతూనే ఫలానా మనిషిగా కూడా నిలవాలన్న సూత్రాన్ని ఎత్తిచూపాడు. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో ప్రాతినిధ్య పాత్రలు, ప్రాతినిధ్య పరిస్థితులతోపాటు వివరాల యథార్థతను కూడా వాస్తవికతకు అవసరమన్నాడు. ఈ రెండు లేఖల పేర్లూ మన వ్యాసాల్లో తరచుగా కనిపిస్తాయి. 'ఫలానా మనిషి' మాత్రం కనిపించడం లేదు.

పత్రికలు వేసే ఆ కుర్రాడికి ఏ ఇంటి కుక్క కరుస్తుందో తెలుసు. నెలాఖరున చందా డబ్బులు అడగబోతే ఏ పెద్దమనిషి ఇంట్లో ఉండి లేడనిపిస్తాడో తెలుసు. మధ్యాహ్న భోజనం వేళ ఆ పెద్దమనుషుల గొంతులు అనుకరిస్తే తరగతంతా పడి పడి నవ్వుతుంది. అతని నిద్రకు కారణమైన పనే అతని హాస్యానికీ మూలం. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో పట్టుకోగలిగితే అది వ్యక్తిచిత్రం. నిద్రను మాత్రమే పట్టుకుంటే సభలో చెప్పే జోకు. పేదరికాన్ని మాత్రమే పట్టుకుంటే వినతిపత్రం.

నవ్వు వాత్సల్యానికి విరుద్ధం కాదనడానికి మన భాషలోనే గొప్ప తార్కాణం ఉంది. 'కన్యాశుల్కం'లో వెంకటేశం పరీక్ష తప్పిన విద్యార్థి. గిరీశం అతన్ని షేక్స్పియర్ అని ముద్దుగా పిలుస్తూ, చదువు తప్ప తక్కినవన్నీ నేర్పుతాడు. గురజాడ వెంకటేశాన్ని చూసి నవ్వించాడు గాని 'మొద్దబ్బాయి' అని తీర్పు చెప్పలేదు. కొడుక్కి ఇంగ్లీషు చదువు కావాలని ముచ్చటపడే తల్లి, ఆ చదువుకయ్యే ఖర్చు చూసి మండిపడే తండ్రి, చదువును బతకనేర్చిన విద్యగా మార్చుకున్న గురువు – ఈ ముగ్గురి మధ్యా నిలబెట్టి చూపాడు. 1909 నాటి రూపంలో ఆ నాటకం చదివే ఈనాటి విద్యార్థి వెంకటేశాన్ని చూసి నవ్వి, ఆ వెంటనే తన ఇంటివైపు చూసుకుంటాడు. మనం రాసే నాలుగు వాక్యాల్లోనూ ఆ నవ్వు పిల్లవాడి దగ్గరే ఆగిపోకూడదు. వాణ్ణి ఆడిస్తున్న పెద్దవాళ్ళ దాకా పోవాలి.

వీడ్కోలు రచనలకు మాత్రమే వర్తించే మరొక చిక్కుంది. అది భవిష్యత్తుకు సంబంధించింది. 'గొప్ప డాక్టరు అవుతాడు', 'మంచి ఇల్లాలు అవుతుంది' అనే ముగింపులు ఆశీస్సుల్లా వినిపిస్తాయి. నిజానికవి పదిహేనేళ్ళ మనిషి మీద ఇచ్చే చివరి తీర్పులు. చింగీజ్ ఐత్‌మాతోవ్ 1962లో ప్రకటించిన 'తొలి ఉపాధ్యాయుడు' ఈ విషయంలో మనకు పాఠం. తనకే చదువు అంతంత మాత్రంగా వచ్చిన దుయిషేన్ 1924లో కిర్గిజ్ పల్లెలో బడి పెడతాడు. అతను బయటి చదువుకు పంపిన అనాథ బాలిక అల్తినాయ్ విద్యావేత్తగా ఎదుగుతుంది. ఏళ్ళు గడిచాక ఊళ్ళో కొత్త బడి ప్రారంభోత్సవానికి ఆమె ముఖ్య అతిథి. ముసలి దుయిషేన్ ఆ వేళ అభినందన తంతులు మోసుకొచ్చే తపాలా మనిషి. ఈ కథను మనకు చెప్పేవాడు ఒక చిత్రకారుడు. ఏ బొమ్మ వేయాలో చివరిదాకా తేల్చుకోలేకపోతాడు. పోప్లార్ మొక్కలు నాటడమా, చలిలో పిల్లల్ని వాగు దాటించడమా, రైలు దగ్గర అల్తినాయ్‌ను సాగనంపడమా? బొమ్మ పూర్తికాకుండానే కథ ముగుస్తుంది. ఐత్‌మాతోవ్‌కు ముగించడం చేతకాక కాదు. ఎదుగుతున్న మనిషి బొమ్మను పూర్తి చేయకపోవడమే ఆ మనిషికిచ్చే గౌరవమని ఆయనకు తెలుసు.

చివరగా, బొమ్మలో లేనివారి సంగతి. వీడ్కోలు ఫోటోలో నలభై మంది నిలబడతారు. ఆరవ తరగతి హాజరు పట్టీ తీసి చూస్తే అందులో ఇంకా కొన్ని పేర్లుంటాయి. 2009 విద్యాహక్కు చట్టం పూచీ పద్నాలుగేళ్ళ వయసుతో ఆగిపోతుంది. సరిగ్గా ఆ మలుపులోనే పశువుల వెంట, మెకానిక్ షెడ్డులోకి, పెళ్ళిపీటల మీదికి పిల్లలు జారిపోతారు. ఇటలీలో ఫ్లోరెన్స్ ప్రాంతపు కొండపల్లె బార్బియానాలో మిలానీ అనే మతగురువు దగ్గర చదువుకున్న ఎనిమిది మంది కుర్రాళ్ళు 1967లో ఒక ఉపాధ్యాయురాలికి బహిరంగ లేఖగా ఒక పుస్తకం రాశారు. అందులో రెండు వ్యక్తిచిత్రాలు మరపురానివి. డాక్టరుగారి అబ్బాయి పియెరీనో, బడి వదిలించుకున్న జాన్ని. పియెరీనో ఎందుకు గెలుస్తాడో, జాన్ని ఎందుకు ఓడిపోతాడో ఆ కుర్రాళ్ళు లెక్కలతో సహా చూపారు. బడికి ఉన్న అసలు సమస్య అది పోగొట్టుకునే పిల్లలేనని వాదించారు. వారి ప్రేమ అంతా ఫోటోలో లేని జాన్ని మీదే.

కాబట్టి ఉపాధ్యాయ రచయితలు ఈ ఏడు వీడ్కోలు రచనకు కూర్చున్నప్పుడు కొన్ని పనులు చేయవచ్చు. ఒక్కొక్కరికీ ఒక్క విశేషణం తగ్గించి ఒక్క సంఘటన చేర్చండి. ఆ పిల్లవాడు బడి వెలుపల చేసే పని ఏమిటో కనుక్కుని రాయండి. 'అవుతాడు' అన్న క్రియను వాడకండి. చివర్లో, మధ్యలో వెళ్ళిపోయినవారి పేర్లు కూడా చదవండి. సభలో ఒక్క నిమిషం నిశ్శబ్దం ఏర్పడితే ఏర్పడనివ్వండి.

సభ తర్వాత పిల్లలు ఆ కాగితం ఇంటికి తీసుకుపోతారు. చదువు రాని తల్లి ఉంటే తామే చదివి వినిపిస్తారు. ఆ తల్లి విని 'అవును, మా వాడు ఇట్లాంటోడే' అనాలి. ఆ తర్వాత తన బిడ్డ గురించి తనకు తెలియని ఒక్క సంగతైనా అందులో దొరికి 'అట్నా?' అని అడగాలి. వీడ్కోలు వ్యక్తిచిత్రానికి అంతకు మించిన పరీక్ష లేదు.