తలంబ్రాలు చెదరకూడదంటే...

1980లు, 90లలో తీసిన పెళ్లి క్యాసెట్లు ఇప్పుడు బీరువాల్లోంచి బయటికొస్తున్నాయి. ఊళ్లో స్టూడియోకిస్తే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తున్నారు. సంతోషమే. కానీ చాలా వీడియోల్లో పెళ్లికూతురి ముఖం అడ్డంగా సాగి ఉంటోంది. ఎవరు చెయ్యి కదిపినా దాని అంచున గీతలు లేస్తున్నాయి. టేపు పాతబడి అలా అయిందని సరిపెట్టుకుంటాం. నిజానికి ఈ రెండు లోపాలూ ఎక్కువగా కంప్యూటర్లో పని చేసిన తీరు వల్ల వచ్చేవే.

మన దేశంలో నడిచిన టీవీ పద్ధతి పాల్. మొత్తం 625 లైన్లు, అందులో బొమ్మకు 576. సెకనుకు 25 ఫ్రేములంటాం గానీ, కెమెరా చూసింది 50 సార్లు. ఒకసారి సరి లైన్లు, మరోసారి బేసి లైన్లు, 288 చొప్పున. ఈ సగం బొమ్మే ఫీల్డ్. పాత డబ్బా టీవీ ఫీల్డులను ఒకదాని తర్వాత ఒకటి గీసేది కాబట్టి కదలిక నున్నగా ఉండేది. కంప్యూటర్ ఫైల్లో ఆ రెండూ ఒకే ఫ్రేములో అల్లుకుని ఉంటాయి. ఇలా అల్లిన వీడియోనే ఇంటర్‌లేస్డ్ అంటారు.

తలంబ్రాల ఘట్టం దగ్గర వీడియో ఆపి చూడండి. కదలని పందిరి గుంజ శుభ్రంగా ఉంటుంది. గాల్లో ఉన్న బియ్యపు గింజ మాత్రం రెండు చోట్ల, సగం సగం లైన్లలో కనిపిస్తుంది. దోసిలి అంచు దువ్వెన పళ్లలా ఉంటుంది. ఈ ఫ్రేమును ఉన్నపళాన పట్టుకుని ఎత్తు 576 నుంచి 480కో 720కో మార్చారా, పక్కపక్క లైన్లు కలిసి, రెండు వేర్వేరు క్షణాలు ఒక్క మసకగా మారతాయి. ఆ తర్వాత వాటిని శుభ్రంగా విడదీయడం సాధ్యం కాదు. అందుకే ముందు డీఇంటర్‌లేస్ (అల్లుకున్న ఫీల్డులను విడదీయడం), తర్వాత కత్తిరింపు, ఆఖరున సైజు. ఈ వరుస తప్పకూడదు.

డీఇంటర్‌లేస్‌లోనూ ఒక మెలిక ఉంది. యాడిఫ్ లాంటి ఫిల్టర్‌ను ఏమీ మార్చకుండా వాడితే 25 ఫ్రేములే ఇస్తుంది. సగం కదలిక పోయినట్టే. ప్రతి ఫీల్డుకూ ఒక ఫ్రేము ఇమ్మంటే 50 వస్తాయి. ఏ ఫీల్డు ముందో కూడా సరిగా చెప్పాలి. డీవీ (డిజిటల్ వీడియో) ఫైళ్లలో కిందిది ముందు. తారుమారైతే నడిచే మనిషి ముందుకీ వెనక్కీ జర్కులిస్తాడు. డీఇంటర్‌లేస్ చెయ్యకుండానే పైనుంచి బేసి సంఖ్యలో లైన్లు కోసినా ఇదే గతి.

కత్తిరింపు అవసరమే. వీహెచ్ఎస్ బొమ్మ అడుగున వణికే చెత్త గీతల్ని పాత టీవీ తన ఫ్రేము కింద దాచేసేది. ఇప్పటి తెర దాచదు. అడుగున 12 లైన్లు తీస్తే 564 మిగులుతాయి. అటూ ఇటూ నల్ల అంచులు 8 పిక్సెళ్ల చొప్పున తీస్తే ఫైల్లోని 720 పిక్సెళ్ల వెడల్పు 704 అవుతుంది. పాల్ పిక్సెల్ చతురస్రం కాదు, కాస్త వెడల్పు. కాబట్టి 704ను 12/11తో హెచ్చిస్తే 768. అంటే మన బొమ్మ అసలు కొలత 768×564. దీన్ని పెంచాలంటే రెండు వైపులా ఒకే లెక్కన పెంచాలి. ఎత్తు 1080 చేస్తే వెడల్పు సుమారు 1470. కోసిన 12 లైన్ల చోటు నింపడానికి నిలువునా లాగకూడదు.

ఇక 16:9 తెర నిండాలన్న పట్టుదల. లాగితే మనుషులు మూడో వంతు లావవుతారు. కోస్తే ఎత్తులో పావు వంతు పోతుంది, పైన బాసికమో కింద పారాణి పాదాలో. పక్కన నల్ల పట్టీలుంటే వచ్చిన నష్టమేమీ లేదు. ఆ కెమెరామన్ 4:3లో చూసి పెట్టిన ఫ్రేమది, అలాగే ఉండనివ్వాలి.

క్యాసెట్ ఇచ్చేటప్పుడే సెకనుకు 50 ఫ్రేములు, 4:3 అని స్టూడియోవాళ్లకు గట్టిగా చెప్పండి. టేపు నుంచి నేరుగా దించిన ఇంటర్‌లేస్డ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. డీవీ అయితే గంటకు సుమారు 13 జీబీ. దాన్ని మాత్రం కత్తిరించకుండా, సైజు మార్చకుండా రెండు చోట్ల దాచండి.