కనుమల అవతల, కోదాడ ఇవతల

తమిళం నుంచి మలయాళం విడిపోయినట్టే తెలంగాణ తెలుగు కూడా వేరు భాష అయిందని వాదించేవాళ్లున్నారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ జనం మాట వింటే ఆ పోలిక నిలవదు.

పడమటి కనుమల అవతలి తమిళం 9వ శతాబ్దపు శాసనాల నాటికే వేరు రూపు తీసుకుంటోంది. 14వ శతాబ్దంలో ‘లీలాతిలకం’ అనే వ్యాకరణ గ్రంథం మలయాళ–సంస్కృత మిశ్రమ శైలి అయిన మణిప్రవాళానికి లక్షణం చెప్పింది. 16వ శతాబ్దంలో కవి ఎళుత్తచ్చన్ మలయాళానికి కావ్యగౌరవం తెచ్చాడు. అసలు మార్పు మాత్రం క్రియలో ఉంది. తమిళంలో ‘నాన్ వందేన్, అవన్ వందాన్, అవళ్ వందాళ్’. మలయాళంలో ముగ్గురికీ ‘వన్ను’ ఒక్కటే. కర్త ఎవరో క్రియ చెప్పడం అక్కడ ఆగిపోయింది.

కోదాడలో ‘వచ్చిండు’ అంటారు, ఆంధ్ర వైపు జగ్గయ్యపేటలో ‘వచ్చాడు’ అంటారు. రెండూ ‘వచ్చినాడు’ అరిగి ఏర్పడ్డవే. ‘నేను వచ్చిన, నువ్వు వచ్చినవ్, ఆమె వచ్చింది’ అని సూర్యాపేటలోనూ కర్తతోపాటు క్రియ మారుతూనే ఉంది. మలయాళం వదిలేసిన దాన్ని మన యాసలు రెండూ నిలుపుకున్నాయి. దవాఖాన–ఆసుపత్రి, ఉల్లిగడ్డ–ఉల్లిపాయ తేడాలు పదాల వరకే.

చరిత్ర కూడా వేరు. కేరళకు కనుమలు అడ్డు, మనకు అడ్డుపడింది పరిపాలన. ఇటు నిజాం ఉర్దూ, అటు మద్రాసు ఇంగ్లీషు. ఆ అడ్డునూ మునగాల లెక్కచేయలేదు. చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా, కోదాడ పక్కనున్న ఆ పరగణా బ్రిటిష్ కృష్ణా జిల్లాలోది. దాని జమీందారు నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయ స్థాపనకు పూనుకున్నారు. 1906లో పుస్తకాలు ప్రచురించే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వచ్చింది. సరిహద్దుకు రెండువైపులా చదువుకోగలిగిన పుస్తకాలు అచ్చువేశారంటే, భాష ఒకటేనన్న నమ్మకంతోనే కదా! తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లతో పాటు కోస్తా రైతులూ మిర్యాలగూడ, కోదాడలకు వచ్చి స్థిరపడ్డారు. పొలం గట్టున బేరం కుదరడానికి ఎవరికీ దుబాసీ అవసరం పడలేదు.

భాష ఒకటే. అలాగని ఒక యాసకే అచ్చులో హక్కు ఉండడం అన్యాయం. పంతుళ్లారా, సూర్యాపేట పిల్లవాడు ‘మా నాయన వచ్చిండు’ అని రాస్తే దాన్ని కొట్టేయకండి.