ఆటల్లో నీళ్ళు

యానాంలో పెరిగినవాళ్ళకి నీళ్ళ రంగు ఎవరూ నేర్పక్కర్లేదు. వరదకి గౌతమి ఎర్రబడుతుంది, వేసవిలో సముద్రపు పోటుకి ఉప్పెక్కుతుంది. అందుకే వీడియో గేముల బొమ్మలు ఎంత మారాయో చూడాలంటే నేను ముందు వాటిలోని నీళ్ళు చూస్తాను.

క్యాసెట్ పెట్టి ఆడిన టీవీ గేముల కాలంలో, 1985 నాటి ‘సూపర్ మారియో’లో నీళ్ళంటే ఒక నీలం, పైన ఒక అలల గీత. ఆ గేము యంత్రం తెరనంతా ఎనిమిదేసి పిక్సెళ్ళ చదరపు ముక్కలతో పేర్చేది. జాగా లేక, ఒకే ఆకారం తెల్లరంగులో మబ్బు, పచ్చరంగులో పొద అయ్యేది. మరి ఆ నీలం నీళ్ళని మనమెలా నమ్మాం? మారియో పరుగు మానేసి ఈదేవాడు. బటన్ నొక్కితే పైకి లేచేవాడు, వదిలితే మెల్లగా దిగేవాడు. మాధవపట్నం తోలుబొమ్మల విద్యా ఇలాంటిదే: తోలులో కదలిక లేదు, కీళ్ళు ఆడించే చేతిలో ఉంది.

తర్వాత బొమ్మ మెరుగైంది, నీళ్ళు చెడ్డాయి. 2002లో వచ్చిన ‘వైస్ సిటీ’లో ఊరి చుట్టూ సముద్రమే, కానీ హీరోకి ఈత రాదు! లోతులో పడితే ఖతం. గోదావరి పిల్లలకి ఇంతకంటే నవ్వులాట ఏముంది? 2004లో ‘హాఫ్ లైఫ్ 2’ వచ్చేసరికి నీటిలో ప్రతిబింబాలు కనిపించాయి. దృశ్యాన్నే తలకిందులుగా మరోసారి గీసి నీటిమీద పరిచే ఉపాయం అది. ఆ తర్వాత, తెరమీద ఉన్నదాన్నే తిరిగి వాడుకునే చవక పద్ధతి పట్టుకున్నారు. చెట్టు తెర దాటితే నీళ్ళలో దాని నీడా మాయం. 2018లో మొదలైన ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డులతో, ఆటలోనే కాంతికిరణం దారిని లెక్కగట్టడం మామూలు కంప్యూటర్‌కి అందింది.

నాకు ఎక్కువ నచ్చిన లెక్క మాత్రం ఫ్రెనెల్‌ది. ఇతను 19వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త. 1954 దాకా ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరివాణ్ణి గనక కాస్త గర్వంగానే చెబుతున్నాను. మా రేవులో నిలబడి కాళ్ళ దగ్గర చూస్తే బురదరంగు, దూరంగా చూస్తే ఆకాశం. నిటారుగా పడిన వెలుతురులో సుమారు 2 శాతమే నీటిమీంచి తిరిగొస్తుంది. చూపు వాలేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. ఇప్పటి ఆటల్లో నీటిని నమ్మించే పని సగం ఈ సూత్రానిదే. మిగతా సగం అలలది. చిన్నా పెద్దా అలలు ఎన్నో కలిపి ఒక పలచటి పొరను ఊపుతారు. 2013 నాటి ‘బ్లాక్ ఫ్లాగ్’లో ఓడ ఆ ఊపుకి ఒరుగుతుంటే మళ్ళీ మారియో నాటి నమ్మకం కలిగింది నాకు.

అయినా అది పొరే. చాలా ఆటల్లో దాని కింద బరువున్న నీళ్ళు లేవు. గట్టు తెగితే ఊళ్ళోకి పొంగవు, కడవ ముంచితే నిండవు. నిజంగా పారే నీటిని అప్పటికప్పుడు లెక్కగట్టాలంటే నేటి యంత్రాలకీ బరువే. అందుకే ఆటల్లో వరద ఎక్కువగా ముందే రాసిపెట్టిన చోట, ముందే రాసిపెట్టిన వేళకే వస్తుంది.